పిల్లల ఆటలు – పెద్దల బాధ్యత

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు రెండు దినములుగా ఇంటిపన్ను వసూళ్లు, మంచినీటి సరఫరా, మురుగుకాలువలు, వీధిదీపములు మొదలైన విషయములను గూర్చి వినుచున్నారు. ఈ సాయంకాలము ప్రచారశాఖ పక్షమున మమ్ము మాటలాడుమని కోరినపుడు, మరియొక పథకమును వివరించుటకు బదులు, మా ఇంటిలో జరిగిన ఒక చిన్న సంగతిని మీ ముందుంచవలెనని తలచితిమి. అది మా కుమార్తె మొట్టమొదటిసారిగా పాఠశాల ఖోఖో జట్టులో చేరినప్పటి ముచ్చట. ఇంటి ముచ్చట సభలో ఏల అని మీరు అనుకొనవచ్చును. అందులో సగము మా ఇంటిదే. తక్కిన సగము మాత్రము పంచాయతీది. ఆ సంగతిని మేము చాల ఆలస్యముగా గ్రహించితిమి.

ఉద్యోగరీత్యా మేము క్రీడల ప్రాముఖ్యమును గూర్చి అనేక సభలలో ఉపన్యసించితిమి. కరపత్రములు వ్రాసితిమి. గోడలమీద పెద్ద అక్షరములతో సూక్తులు వ్రాయించితిమి. ఇట్టి మా ఇంటికి, ఎనిమిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి ఒకనాటి సాయంకాలము మోకాళ్లవరకు ఎఱ్ఱమట్టితో వచ్చి, “నాన్నా, నన్ను ఖోఖో జట్టులోకి తీసుకున్నారు” అని చెప్పెను. అంతటి ఉపన్యాసకులమైన మా నోట వెలువడిన మొదటి మాట ఏమనుకొన్నారు? “మరి చదువో?” అని. పిల్ల ముఖమున వెలుగు తగ్గినది. చెప్పులు విడిచి, మారుమాట లేక లోనికి పోయినది.

ఇది మేము చేసిన మొదటి తప్పు. సభలో ఊరిపిల్లలందఱును ఆడవలెననువారము, ఇంటిలో మన పిల్ల మాత్రము పుస్తకము ముందు కదలక కూర్చుండవలెననుకొందుము. చదువు వలదని మేమనము. కాని 5 మొదలు 17 సంవత్సరముల వయస్సుగల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒడలు అలయునట్లు ఆడుట, పరుగెత్తుట అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో చెప్పినది. ఆ గంట చదువునుండి దొంగిలించిన గంట కాదు. ఎదుగుచున్న శరీరమునకు అన్నము ఎట్టిదో అదియు అట్టిదే.

తరువాత ఒక నెల గడచినది. ప్రతిదినము సాయంకాలము పిల్ల మైదానమునకు పోవుచుండెను. కాని ఆడునట్లు కనబడలేదు. జట్టులో 12 మంది ఉందురు. వారిలో 9 మంది బరిలో దిగుదురు. ముగ్గురు గీత యావల కూర్చుందురు. మా అమ్మాయి ఆ ముగ్గురిలో కడపటిది. తోటిపిల్లలకు మంచినీళ్లు అందించుట, జారిన రిబ్బనులు దాచిపెట్టుట ఆమె పనిగా ఉండెను. ఇది మాకు చిన్నతనముగా తోచినది. ఒకనాడు వ్యాయామోపాధ్యాయినిని కలిసికొని, “మా పిల్లకు అవకాశమెప్పుడు?” అని కొంచెము అధికార స్వరముతోనే అడిగితిమి. ఆమె కోపగింపక, “మీ అమ్మాయి ఇప్పుడు కూర్చోవడం నేర్చుకుంటోంది సార్. ఈ ఆటలో అన్నిటికన్నా కష్టమైన పని అదే” అనెను.

అప్పుడు ఆ మాట మాకు వేళాకోళముగా వినబడినది. మీలో చాలమంది చిన్ననాడు ఖోఖో ఆడియుందురు. అయినను మరచినవారికొరకు నాలుగు మాటలు చెప్పెదము. మైదానము రెండు కొనలయందును రెండు స్తంభములు. వాని నడుమ గీతమీద తరుము జట్టువారు ఎనిమిదిమంది వరుసగా, ఒకరు ఈ ప్రక్కకు, ఒకరు ఆ ప్రక్కకు ముఖముపెట్టి గొంతుక్కూర్చుందురు. తొమ్మిదవవాడు తరుమును. ఎదుటి జట్టువారు ముగ్గురు ముగ్గురుగా లోనికి వచ్చి తప్పించుకొని పరుగెత్తుదురు. తరుమువాడు కూర్చున్నవారి నడుమనుండి అవతలి ప్రక్కకు దాటరాదు. ఒక దిక్కు పట్టినచో వెనుదిరుగరాదు. దొంగ అవతలి ప్రక్కకు దూరినపుడు, అటు ముఖముగా కూర్చున్నవాని వెనుకనుండి వీపు తాకి “ఖో” అని బిగ్గరగా పలుకవలెను. అప్పుడు వాడు లేచి తరుమును, పిలిచినవాడు వాని స్థానమున కూర్చుండును. పిలుపు రాకముందే లేచినను తప్పే. పిలుపు వచ్చినపిమ్మట ఆలసించినను ఆట పోవును. కనుక కూర్చున్నవాడు నిద్రపోవుట లేదు. కన్నులు దొంగమీద, చెవులు వెనుకనున్న వానిమీద నిలిపి, ఒడలెల్ల బిగబట్టి తన వంతుకొరకు కాచుకొనియుండును. మా అమ్మాయి ఆ నెల దినములు నేర్చినది ఇదియే.

ఈ ఆటకును మన రాష్ట్రమునకును పాత సంబంధము కలదు. అఖిలభారత ఖోఖో పోటీలు మొట్టమొదట జరిగినది 1959–60లో మన విజయవాడలోనే. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచ కప్పు పోటీలలో భారత పురుషుల జట్టును, మహిళల జట్టును రెండును విజయము సాధించినవి. పొలము గట్టున, బడి ఆవరణలో ఏ ఖర్చును లేక ఆడిన ఆట అంత దూరము పోయినది.

ఇక మా రెండవ తప్పును చెప్పుకొనవలెను. ఇది మొదటిదానికన్న పెద్దది. మండలస్థాయి పోటీలు పొరుగూరిలో జరిగినవి. జట్టులో ఒక పిల్లకు జ్వరము, మరియొకతె మేనమామ పెండ్లికి పోయినది. కనుక మా అమ్మాయికి బరిలో స్థానము దొరికినది. మేము సెలవు పెట్టి, తెల్లని చొక్కా తొడిగికొని, గీత ప్రక్కనే నిలుచుంటిమి. ఆట మొదలైనది మొదలు మా నోటికి విశ్రాంతి లేదు. “లే! లే! పరుగెత్తు! అటు కాదు, ఇటు!” అని కేకలు వేయుచునే యుంటిమి. పిల్ల ఒకసారి ఖో రాకముందే లేచినది. ఈల మ్రోగినది. మరియొకసారి సరిగానే లేచి, సరిగానే దిక్కు పట్టినది. దొంగ రెండడుగుల దూరమున ఉన్నది. ఇంతలో మేము “వెనక్కు! వెనక్కు!” అని అరచితిమి. పిల్ల మా గొంతు విని భుజము త్రిప్పినది. మరల ఈల. దొంగ చిక్కలేదు. మన పిల్లలు ఒక్క పాయింటు తేడాతో ఓడిరి.

ఓడిన జట్టు ఎవరినో ఒకరిని వెదకుకొనును. కొందఱు పిల్లలు మా అమ్మాయి వంక చూచి గొణిగిరి. ఆమె ఎవరితోను మాటలాడక వచ్చి మా మోటారు సైకిలు వెనుక కూర్చున్నది. ఊరికి దూరము 6 కిలోమీటర్లు. ఆ 6 కిలోమీటర్లును మేము ఆమెకు పాఠము చెప్పితిమి. ఎక్కడ లేవవలెనో, ఎక్కడ తిరుగవలెనో, ఆ తప్పు ఏల చేసితివో అని అడుగడుగునకు విమర్శించితిమి. ఖోఖో ఆడి ముప్పది యేండ్లయిన మాకు అన్నియు తెలిసినట్లే యుండెను. ఇల్లు చేరి బండి దిగుచునే పిల్ల, “రేపటినుంచి నేను వెళ్లను” అని చెప్పి, అన్నము తినకయే పండుకొన్నది.

ఆ రాత్రి ఆమె తల్లి చెంత కూర్చుండి తల నిమురుచు, గెలుపోటముల ఊసెత్తక ఒక్క మాట అడిగినది: “నీకు ఆటలో ఏది కష్టంగా ఉందే?” చాలసేపు మౌనముగా ఉండి పిల్ల చెప్పిన సమాధానము గోడ యివతలనున్న మాకును వినబడినది. “వెనకనుంచి ఖో వినిపించాలి కదమ్మా. నాకు రెండు గొంతులు వినిపించాయి. ఏది ఖోనో ఏది నాన్నో తెలియలేదు.”

సోదరులారా, ఇరువది సంవత్సరములుగా ప్రచారోద్యోగములో ఉన్నాము. మైకు ముందు ఎంత బిగ్గరగా మాటలాడవలెనో మాకు తెలియును. ఎప్పుడు నోరు మూసికొనవలెనో మాత్రము ఆనాడు ఆ పదమూడేండ్ల పిల్లవలన నేర్చుకొంటిమి. ఆటస్థలములో బిడ్డకు వినబడవలసినది తన జట్టువారి పిలుపు, శిక్షకురాలి సూచన, నిర్ణేత ఈల. ఈ మూటికి మించి నాలుగవ గొంతు అక్కరలేదు. అది తండ్రి గొంతైనను, సర్పంచి గొంతైనను అంతే.

మరునాడు ఉదయము మేము పిల్లను పిలిచి, “తప్పు నాది తల్లీ. ఇకమీద గీత దగ్గర నిలబడి అరవను” అని చెప్పితిమి. తండ్రి బిడ్డకు క్షమాపణ చెప్పుట మన ఇండ్లలో అలవాటు లేదు. చెప్పినంతమాత్రమున మా పెద్దరికమునకు లోటేమియు రాలేదు. అయినను ఆమె ఆ సాయంకాలము మైదానమునకు పోలేదు. ఆ మరునాడును పోలేదు. మేము బలవంతపెట్టలేదు. “ఈ ఏడాది పోటీలు అయ్యేదాకా జట్టుతో ఉండు. ఆ తర్వాత మానాలనిపిస్తే మానెయ్యి” అని మాత్రము చెప్పితిమి.

మూడవనాడు జట్టు నాయకురాలు మా ఇంటికి వచ్చినది. తొమ్మిదవ తరగతి పిల్ల. తల్లిదండ్రులు కూలిపనికి పోవుదురు. ఊరి చివరనున్న వాడలో వారి ఇల్లు. మా ఇంటి గడప బయటనే నిలుచుండి, “నువ్వు రాకపోతే మేం పదకొండుమందిమే అవుతాం. రావే!” అని పిలిచినది. లోనికి రమ్మని మా ఇంటివారు చేయి పట్టుకొని తీసికొని వచ్చి ఇద్దఱికిని మజ్జిగ ఇచ్చిరి. ఇద్దఱును కలసి మైదానమునకు పోయిరి. మా ఉపన్యాసము చేయలేని పనిని ఆ పిలుపు చేసినది.

ఇచ్చట మీతో ఒక మాట మనసువిప్పి చెప్పవలసియున్నది. ఖో చెప్పునపుడు చేతితో వీపు తాకవలెను. ఆ వీపు ఏ వాడదో, ఆ చేయి ఏ కులముదో ఆటలో ఎవరును అడుగరు. అడిగినచో ఆట లేదు. కొన్ని గ్రామములలో ఈ వాడ పిల్లలకొక జట్టు, ఆ వాడ పిల్లలకొక జట్టు ఏర్పరచుటయు, పెద్దల కక్షలు పిల్లల పోటీలలో జొరబడుటయు మేము చూచియున్నాము. పాఠశాలకు జట్టు ఒక్కటియే ఉండవలెను. అందులో ఎవరుండవలెనో ఉపాధ్యాయులు ఆట చూచి నిర్ణయింతురు. సభ్యుని మేనకోడలని గాని, సర్పంచి మనుమడని గాని సిఫారసు చేయరాదు. మేము ఉపాధ్యాయిని వద్దకు పోయి అధికార స్వరముతో మాటలాడినది కూడ అట్టి తప్పే.

మా అమ్మాయి మరల జట్టులో నిలిచినది. కాని మరియొక పిల్ల మానివేసినది. ఆమె మా పిల్లకన్న బాగుగా పరుగెత్తునది. ఏల మానెనని మేము విచారించితిమి. ఆ విచారణలోనే, మొదట చెప్పిన ఆ రెండవ సగము, అనగా పంచాయతీకి సంబంధించిన సగము, మాకు తెలియవచ్చినది.

ఆమె తల్లి చెప్పిన కారణములు ఇవి. అభ్యాసము ముగియుసరికి ప్రొద్దుగ్రుంకును. బడినుండి వారి ఇంటికి పోవు దారిలో రెండు స్తంభములకు దీపములు వెలుగవు. దారిమలుపున కొందఱు కుఱ్ఱవాండ్రు కూర్చుండి ఆటబట్టలలోనున్న ఆడపిల్లలను చూచి వెకిలి మాటలందురు. బడిలో మరుగుదొడ్డి ఉన్నది, కాని నాలుగు గంటలకు తాళము వేయుదురు. నెలసరి దినములలో పిల్ల ఎక్కడకు పోవలెను? మైదానములో ఒక మూల గడ్డివాములు, మరియొక మూల గాజుపెంకులు. ఒకసారి పెంకు గ్రుచ్చుకొని కాలు చీముపట్టినది. “ఆట మంచిదేనయ్యా. కానీ నా పిల్ల క్షేమంగా ఇల్లు చేరాలి గదా?” అని ఆ తల్లి అడిగినది. ఆమెను అజ్ఞానురాలని అనగలమా? ఆమె చెప్పిన వానిలో ఒక్కటియు ఆట తప్పు కాదు, పిల్ల తప్పు కాదు. అన్నియు గ్రామము చక్కబెట్టదగిన పనులే.

మేము ఆ వార్డు సభ్యురాలితో ఈ సంగతి ప్రస్తావించితిమి. ఆమె పెద్దగా చదువుకొన్నది కాదు. కాని మరునాటి సాయంకాలము నాలుగున్నరకు స్వయముగా మైదానమునకు పోయి, ఆట ముగియువరకు గట్టుమీద కూర్చుండి, పిల్లలతోకూడ ఆ దారిని నడచి చూచినది. పదిదినములలో దీపములు వెలిగినవి. గడ్డివాముల యజమానులతో ఆమెయే మాటలాడి కుప్పలను తరలింపించినది. మరుగుదొడ్డి తాళపుచెవి సాయంకాలము ఉపాధ్యాయిని వద్ద ఉండునట్లు ప్రధానోపాధ్యాయునితో ఏర్పాటు జరిగినది. మలుపుదగ్గఱ కూర్చుండు కుఱ్ఱవాండ్ర ఇండ్లకు పోయి వారి తల్లులతో చెప్పినది. ఇందులకు పంచాయతీ నిధులలో ఖర్చైనది రెండు దీపముల వెల మాత్రమే. మానివేసిన పిల్ల తిరిగి వచ్చినది.

ఇట్టి పనులు చేయుటకు పంచాయతీకి అధికారమున్నదా అని కొందఱు సందేహింతురు. 1992నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల విద్యయు, స్త్రీశిశు సంక్షేమమును, గ్రామ సామూహిక ఆస్తుల రక్షణయు ఉన్నవి. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టముయొక్క షెడ్యూలు, పాఠశాలకు ఆటస్థలము, బాలబాలికలకు వేఱువేఱుగా మరుగుదొడ్లు, సురక్షితమైన త్రాగునీరు, ఆటవస్తువులు ఉండవలెనని చెప్పుచున్నది. కనుక ఆటస్థలము దయతలచి ఇచ్చు బహుమానము కాదు. పిల్లలకు చట్టము చూపిన హక్కు.

స్థలము లేదను మాట తఱచు వినబడును. కొలత చెప్పెదము, వ్రాసికొనుడు. పెద్దల ఖోఖో బరి పొడవు 27 మీటర్లు, వెడల్పు 16 మీటర్లు. చుట్టును మీటరున్నర ఖాళీ విడిచినను సుమారు 14 సెంట్ల నేల చాలును. వాలీబాల్ బరి 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టును మూడు మీటర్లు విడిచినచో సుమారు 9 సెంట్లు. పురుషుల కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చుట్టును ఖాళీతో 6 సెంట్లు. మూడు ఆటలకును కలిపి 30 సెంట్లకు మించదు. ఖోఖో స్తంభములు నేలపైన 120 మొదలు 125 సెంటీమీటర్ల ఎత్తుండవలెను. పదును అంచులు లేక నున్నగా ఉండి, కదలక పాతియుండవలెను. నేలను దున్ని, రాళ్లు ఏరి, నీరు చల్లి చదునుచేసినచో సరిపోవును. సిమెంటు గచ్చు వలదు. పిల్లలు మోకాళ్లమీద పడు ఆట ఇది. స్థలము ఎవరి పేర ఉన్నదో రికార్డులలో చూచి, సర్వే చేయించి, హద్దురాళ్లు పాతించుట మాత్రము మరువకుడు. హద్దు లేని ఆటస్థలము పదేండ్లలో కళ్లమో దొడ్డో అగును.

తల్లిదండ్రులకు మీరు చెప్పదగిన ఇంటి సంగతులు మరికొన్ని ఉన్నవి. ఇవి మేము పడుచు లేచుచు నేర్చినవి. మొదటిది తిండి. మధ్యాహ్నము బడిలో తిన్న అన్నము సాయంకాలము నాలుగున్నరకు అరిగిపోవును. ఒకనాడు మా అమ్మాయికి మైదానములో కన్నులు తిరిగినవి. అటుపిమ్మట ఆమె తల్లి ఒక వేరుశనగ ఉండయో, అరటిపండో, ఉడికిన పల్లీలో పొట్లము కట్టి పంపుచున్నది. ఆట ముగిసినపిమ్మట ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గాని, రాగిజావ గాని ఇచ్చుచున్నది. డబ్బాలలో వచ్చు పానీయములు అక్కరలేదు. మన దేశములో 15 మొదలు 19 సంవత్సరముల వయస్సుగల ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలినది. పిల్ల త్వరగా అలయుచున్నచో సోమరితనమని తిట్టక, ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష చేయింపవలెను. బడిలో వారమునకొకసారి ఇచ్చు ఇనుము మాత్రలను మ్రింగుచున్నదో లేదో కనుగొనవలెను.

రెండవది దెబ్బలు. మోకాలు గీరుకొన్ననాడు మా అత్తగారు సున్నము తెచ్చిరి. పొరుగువారు కాఫీపొడి తెచ్చిరి. రెండును వలదు. శుభ్రమైన నీటితోను సబ్బుతోను కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టవలెను. 10వ ఏటను, 16వ ఏటను వేయవలసిన ధనుర్వాతపు టీకా వేయించితిమా అని చూచుకొనవలెను. కాలు బెణికినచో వెంటనే నూనె రాచి లాగించుట హాని. ఆట ఆపి, చల్లని తడిగుడ్డ వేసి, కాలు ఎత్తుగా పెట్టవలెను. అడుగు మోపలేకున్నచో వైద్యుని వద్దకు తీసికొని పోవలెను.

మూడవది మాట. ఆటనుండి వచ్చిన పిల్లను “గెలిచారా?” అని గుమ్మములోనే అడుగకుడు. ముందు కాళ్లు కడుగుకొననిండు, అన్నము పెట్టుడు. తప్పులను చెప్పుటకు శిక్షకురాలున్నది. ఇంటిలో చెప్పవలసిన పాఠము మిగిలియుండదు. కొత్తగా చేరిన పిల్ల తప్పులు చేయును. అందఱి కన్నుల యెదుట చేయును. ఆ తప్పులు చేసియు మరునాడు మైదానమునకు పోగలిగినచో ఆమె ఆటను నేర్చుచున్నదనియే అర్థము. పరుగెత్తలేని పిల్లలు ఉందురు, అంగవైకల్యముగల పిల్లలు ఉందురు. పాయింట్లు వ్రాయుటకు, కాలము చూచుటకు వారిని జట్టుతో కూర్చుండబెట్టుడు. ఆ పనియు నమ్మకముగా చేయవలసిన పనియే.

కడప జిల్లాకు చెందిన శ్రీచరణి, 2025 నవంబరు 2వ తేదీన మహిళల ప్రపంచ క్రికెట్టు కప్పు గెలిచిన భారత జట్టులో ఆడిన సంగతి మీరందఱు ఎఱుగుదురు. అట్టి పేరు మన ఊరికి వచ్చిన సంతోషమే. కాని ఊరిలో 200 మంది పిల్లలున్నచో అట్టివారు ఒకరుందురో లేదో. మిగిలినవారికొరకు కూడ ఆటస్థలము కావలెను. వారు పతకములు తేకపోవచ్చును. తన వంతు వచ్చువరకు కాచుకొనుట, పిలిచినపుడు లేచుట, తన స్థానమును మరియొకరికి ఇచ్చుట, ఓడినపుడు ఎదుటివారి చేయి కలుపుట నేర్తురు. రేపు వీరే ఈ పంచాయతీ సభలలో కూర్చుండువారు.

మా అమ్మాయి సంగతి ఏమైనదని మీరు అడుగవచ్చును. చెప్పుకొనదగిన గొప్ప విజయమేమియు లేదు. తరువాతి పోటీలలో మొదటి ఆటలో ఆమె గీత యావలనే కూర్చున్నది. రెండవ ఆటలో బరిలో దిగినది. మేము ఈసారి దూరముగా, వేపచెట్టు క్రింద, గ్రామస్థుల నడుమ కూర్చుంటిమి. ఒకసారి నోటిదాక వచ్చిన కేకను కండువా అడ్డముపెట్టి ఆపుకొంటిమి. నాయకురాలు వెనుకనుండి వీపు తాకి ఖో అనినది. మా పిల్ల లేచి, తిన్నగా పోయి, స్తంభముదగ్గఱ దొంగను అంటుకొన్నది. ఆమెకు ఆనాడు చిక్కినది ఆ ఒక్కతెయే. మన జట్టు రెండవ స్థానమున నిలిచినది. ఇంటికి వచ్చు త్రోవలో మేమేమియు అడుగలేదు. మూడు కిలోమీటర్లు పోయినపిమ్మట ఆమెయే, “నాన్నా, ఇవాళ నాకు ఒక్క గొంతే వినిపించింది” అని చెప్పినది. ఈ సంవత్సరము జట్టులో ఉందునో లేదో అను ప్రశ్న ఆమె మరల ఎత్తలేదు. ఉదయముననే లేచి ఆటబట్టలు తానే ఉతుకుకొనుచున్నది.

పంచాయతీ సభ్యులారా, మీరు ఇండ్లకు పోయినపిమ్మట ఒక్క పని చేయవలెనని మా మనవి. ఏదో ఒక సాయంకాలము నాలుగున్నరకు మీ ఊరి బడి మైదానమునకు పొండు. వేదిక వేయించవలదు, దండలు వలదు, ఉపన్యాసము వలదు. ఒక గట్టుమీద కూర్చుండి చూడుడు. నేల శుభ్రముగా ఉన్నదా? త్రాగుటకు నీరున్నదా? మరుగుదొడ్డి తలుపు తెఱచియున్నదా? ఆట ముగిసినపిమ్మట ఆడపిల్లలు పోవు దారిలో దీపము వెలుగుచున్నదా? జట్టులో అన్ని వాడల పిల్లలును ఉన్నారా? ఈ ఐదు ప్రశ్నలకు వచ్చిన సమాధానములను తరువాతి పంచాయతీ సమావేశములో ముందుంచి, ఒక తీర్మానము చేయుడు. వచ్చు గ్రామసభలో ఆ తీర్మానము ఎంతవరకు నెరవేరినదో చదివి వినిపింపుడు.

అంతవరకు గీత యావలనున్న మనము మాట తగ్గించి, చేతిపని పెంచుదము.